గీత వెలుపల నిలిచిన గురువు

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 9:24-27
తోడు పఠనము: నిర్గమకాండము 17:8-13, హెబ్రీయులకు 12:1-3, 2 తిమోతికి 4:6-8



అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాయునప్పుడు వారి కన్నుల యెదుటనున్న సంగతినే తీసికొని మాటలాడెను. ఆ పట్టణమునకు సమీపమున ఇస్తమస్ అను చోట రెండేండ్లకొకసారి గొప్ప ఆటల పందెములు జరుగుచుండెడివి. దూరదేశములనుండి జనులు వచ్చి డేరాలు వేసికొని చూచుచుండిరి. గెలిచినవానికి బంగారము పెట్టలేదు, భూమి ఇయ్యలేదు; ఆకులతో అల్లిన కిరీటము తలమీద పెట్టిరి. నాలుగు దినములలో ఎండి రాలిపోవు ఆ ఆకులకొరకు పడుచువారు నెలల తరబడి నోరు కట్టుకొని, ఒళ్లు వంచి, గురువు చెప్పినట్లెల్ల నడుచుకొనిరి. పౌలు దీనిని చూచి, వాడిపోవు దానికొరకు వీరింత పాటుపడుచుండగా, వాడిపోనిదానికొరకు పిలువబడిన మనమెంత పాటుపడవలెనని అడుగుచున్నాడు. అంతేకాక, ఇతరులకు బోధించి తానే పనికిరానివాడై పోకుండునట్లు తన దేహమును అదుపులో పెట్టుకొనుచున్నానని తన్నుగూర్చియే చెప్పుకొనుచున్నాడు.

ఆటలు లోకపు సంగతులు గదా, సంఘపు పత్రికలో వాటి ప్రస్తావన యెందుకని మన పెద్దలు కొందరు అడుగవచ్చును. పౌలు వాటిని విడిచిపెట్టలేదు గనుక మనమును విడిచిపెట్టనక్కరలేదు. విత్తువాడు, వలవేయువాడు, పిండి పిసుకు స్త్రీ, వీరందరును మన ప్రభువు నోట పాఠములైరి. ఆటగాడును ఆలాగే పాఠము కాగలడు.

అమెరికా దేశములో అమోస్ అలోంజో స్టాగ్ అనునతడు ఉండెను. 1862లో చెప్పులు కుట్టువాని యింట పుట్టెను. బోధకుడు కావలెనని యేల్ విశ్వవిద్యాలయములో దైవశాస్త్రము చదువనారంభించి, ప్రసంగము చేయు వరము తనకు లేదని గ్రహించి వెనుకకు తగ్గెను. కాని దేవుని సేవనుండి వెనుకకు తగ్గలేదు. ఆటస్థలమునే తన సేవాక్షేత్రముగా ఎంచుకొని, 1892 మొదలు 1932 వరకు చికాగో విశ్వవిద్యాలయములో విద్యార్థులకు ఫుట్‌బాల్ నేర్పెను. అది మన పిల్లలాడు ఫుట్‌బాల్ కాదు. బంతిని చేతపట్టుకొని పరుగెత్తుచు ఆడు అమెరికా ఆట. ఆ విశ్వవిద్యాలయము 1890లో అమెరికా బాప్తిస్టుల చేయూతతో స్థాపింపబడినది. మన ఒంగోలు మిషనుకు దొరలను పంపినవారును ఆ బాప్తిస్టులే. ఆయన 102 ఏండ్లు బ్రతికి 1965లో కన్నుమూసెను. ప్రసంగపీఠము ఎక్కనివాడును బోధకుడు కాగలడని ఆయన జీవితము చూపుచున్నది.

అయితే అంత దూరము పోనక్కరలేదు. మన తెలుగు గడ్డమీదనే, హైదరాబాదులో, ఇటువంటి గురువు ఒకడుండెను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. జనులు రహీం సాహెబు అని పిలిచిరి. 1909 ఆగష్టు 17న పుట్టి, చదువు ముగించి, బడిపంతులై, ఆటలు నేర్పు విద్యయు అభ్యసించెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియాయెను. 1950 మొదలు మరణమువరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టును, భారతదేశపు జట్టును ఆయనే తీర్చిదిద్దెను. పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు అయిదేండ్లు వరుసగా బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకొనెను. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారత జట్టు ఇరానును 1-0తో ఓడించి బంగారు పతకము పొందెను.

ఆయన ముస్లిము, మన సంఘస్థుడు కాడు. ఆయనను మనవానిగా చేసి చెప్పుకొనుట ధర్మము కాదు. అయినను, కపెర్నహూములో శతాధిపతి అన్యుడైనను మన ప్రభువు అతని విశ్వాసమును చూచి ఆశ్చర్యపడి, జనసమూహము వినునట్లు మెచ్చుకొనెను. మేలు ఎక్కడ కనబడినను మెచ్చుకొనుటకు ప్రభువు సిగ్గుపడలేదు, మనమేల సిగ్గుపడవలెను? ఈ పొరుగువాని జీవితమునుండి మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది: ఆయన కొదువను కప్పిపెట్టలేదు, దిద్దెను.

ఢిల్లీలో గెలిచిన మరుసటి యేడు, 1952లో, ఫిన్లాండు దేశపు హెల్సింకీలో ఒలింపిక్ పందెములు జరిగెను. అక్కడ మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయెను. మన ఆటగాండ్లలో చాలమంది వట్టికాళ్లతో ఆడిరి. నిన్న ఆసియా అంతటికి మొదటివారైన వారు నేడు లోకము యెదుట నవ్వులపాలైరి. అటుతరువాత దేశపు ఫుట్‌బాల్ పెద్దలు బూట్లు తొడిగి ఆడవలెనని నియమము చేసిరి. రహీం సాహెబు ఓటమిని సాకులతో కప్పక, దానినే పాఠముగా చేసికొని మరల పనికి పూనుకొనెను.

ఆయన నేర్పు విధమొకటి వినదగినది. ప్రతి ఆటగానికి ఒక కాలు వాటముగా నుండును. చాలమందికి కుడికాలు బలము, ఎడమకాలు బలహీనము. సహజముగా ఎవడైనను బలమైన కాలితోనే ఆడి మెప్పు పొందజూచును. రహీం సాహెబు బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనని నియమము పెట్టి ప్రత్యేకముగా పందెములు నడిపించెను. ఆ పందెములలో పేరుమోసిన ఆటగాడును చిన్నపిల్లవానివలె తడబడును, చూచువారు నవ్వుదురు. అయినను కొన్నాళ్లకు ఆ కాలును పనికి వచ్చును. అప్పుడతడు ఏ ప్రక్కనుండి బంతి వచ్చినను భయపడడు. హెల్సింకీ ఓటమికి నాలుగేండ్ల తరువాత, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో, మన జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4-2తో ఓడించి, నాలుగవ స్థానము పొందెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశము మనదే.

ప్రియులారా, మన ఆత్మీయ జీవితములో ఎడమకాలు ఏది? ఒకడు కంజీర పట్టి పాడిన సంఘమంతయు లేచి నిలుచును. కాని తమ్మునితో గట్టు తగవు పెట్టుకొని మూడేండ్లుగా మాట లేదు. పాట అతని కుడికాలు, క్షమాపణ అతని ఎడమకాలు. ఒక తల్లి ఉపవాస కూటములకు తప్పదు. కాని కోడలిని చూచిన నాలుక అదుపులో నుండదు. ఒక పెద్ద కానుకలో మొదటివాడు. కాని సాయంకాలమైన సారా వాసన అతనికంటె ముందుగా ఇల్లు చేరును. బలమైన కాలితో ఎన్నాళ్లాడినను బలహీనమైన కాలు బాగుపడదు. సాతాను ఎల్లప్పుడు ఆ ప్రక్కనుండియే వచ్చును. పౌలు తన దేహమును నలగగొట్టుకొనెదనని చెప్పినప్పుడు, తనకు సులభమైన దానిని మరి యెక్కువగా చేసెదనని చెప్పలేదు. తనకు కష్టమైన దానిని లోబరచుకొనెదననియే చెప్పెను. ఈ నెలలో ఎవరి ఎడమకాలు వారు ఎరిగి, ప్రభువు యెదుట ఒప్పుకొని, దానితోనే నడక నేర్చుకొనుడి. నలుగురు నవ్విన నవ్వనిండు.

రెండవది: ఆయన బంతిని ఒక్కని కాలియొద్ద నిలువనియ్యలేదు.

ఫుట్‌బాల్‌లో జట్టునకు పదునొకండుగురు. నేర్పరియైనవాడు బంతిని తన కాలియొద్దనే పెట్టుకొని, ఇద్దరిని ముగ్గురిని తప్పించుకొని పోవుచుండిన, చూచువారు చప్పట్లు కొట్టుదురు. చప్పట్లు రుచి మరిగినవాడు ప్రక్కవానికి బంతి ఇయ్యడు, తుదకు పోగొట్టుకొనును. రహీం సాహెబు ఇందుకును మందు కనుగొనెను. బంతిని వెంటబెట్టుకొని తిరుగరాదు, వచ్చినదానిని వెంటనే ప్రక్కవాని కందింపవలెనను నియమముతో పందెములు పెట్టెను. ఆలాగున ఒక్కొక్కని నేర్పు జట్టంతటి బలమాయెను.

మన సంఘములను చూడుడి. కొన్ని చోట్ల ఒక్కరే ప్రార్థన చేయుదురు, ఒక్కరే లెక్క వ్రాయుదురు, ఒక్కరే తాళపుచెవి మొలలో పెట్టుకొని తిరుగుదురు. ఇరువది యేండ్లు నమ్మకముగా చేసిరి, సంతోషమే. కాని వారి తరువాత ఎవరు? పడుచువారు గోడకానుకొని కూర్చుండి, కడపట కొలువులకో కూలికో హైదరాబాదు, బెంగుళూరు పోయి, అక్కడ దేవుని మరచిపోవుచున్నారు. బంతి వారి కాలియొద్దకు ఎన్నడును రాలేదు గనుక ఆట తమది అని వారికి తోచలేదు. దేవుడు కాపరులను, ఉపదేశకులను ఇచ్చినది తామే సమస్తము చేయుటకు కాదు, పరిశుద్ధులను పనికి సిద్ధపరచుటకే అని ఎఫెసీ పత్రిక నాలుగవ అధ్యాయము చెప్పుచున్నది. మన రైతులకిది తెలియని సంగతి కాదు. కోడెకు దున్నుట నేర్పవలెనన్న మాటలతో చెప్పరు; మరిగిన యెద్దు ప్రక్కన కాడి కట్టుదురు. మొదట చాలు వంకరపోవును. వంకరపోయినదని కోడెను విప్పివేసిన రైతు మరుసటి యేడు దేనితో దున్నును?

మన సంఘముల పుట్టుకయు ఈలాగుననే జరిగెను. ఒంగోలుకు పడమటనున్న తాళ్లకొండపాడు గ్రామస్థుడైన యెర్రగుంట్ల పేరయ్యగారు తోలు వ్యాపారము చేయువాడు. 1866లో క్లౌ దొరగారియొద్ద బాప్తిస్మము పొంది, తాను పొందినదానిని తనలోనే దాచుకొనక, ఊరినుండి ఊరికి నడచి తనవారికి అందించెను. 1878 జూలై 3న వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారందరు దొరగారి ప్రసంగము ఒక్కటి విని వచ్చినవారు కారు. ఒకరి కాలినుండి ఒకరి కాలికి సువార్త అందినందుననే ఆ దినము వచ్చెను.

గురువు నిష్పక్షపాతముగా నుండవలెను. రహీం సాహెబు కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం మంచి ఆటగాడే. 1960లో రోము ఒలింపిక్సుకు పోయిన జట్టులో అతడును ఉండెను. తండ్రియే గురువు. అయినను కుమారుడు ఆ పందెములలో మైదానములోనికి దిగలేదు, దిగినవారు ఇతరులు. ఆ తండ్రి హృదయములో ఏమి జరిగెనో దేవునికే యెరుక. సంఘపు ఎన్నికలలో మన బంధువు, మన వీధి, మన ఇంటిపేరు అని లెక్కించు మనకు ఇది చెంపపెట్టు కాదా?

గురువు తాను ఒక్క గోలును వేయడు. గీత వెలుపల నిలుచును. అమాలేకీయులతో యుద్ధము జరుగునప్పుడు కత్తి పట్టినవాడు యెహోషువ. మోషే కొండమీద చేతులెత్తి నిలిచెను. చేతులు బరువెక్కగా అహరోను, హూరు ఆనుకొని పట్టుకొనిరి. తల్లులారా, తండ్రులారా, ఆదివారపు బడి ఉపాధ్యాయులారా, మీ స్థలమును ఇదే. బిడ్డ పరీక్ష మీరు వ్రాయలేరు, వాని శోధనను మీరు జయింపలేరు. కాని గీత వెలుపల చేతులెత్తి నిలువగలరు. మీరు చేతులు దించిన దినమున లోపల ఆట తిరుగును.

మూడవది: ఆయన బలహీనతలో కడవరకు నిలిచెను.

1962లో ఇండోనేషియా దేశపు జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగెను. అప్పటికే రహీం సాహెబు ఊపిరితిత్తులలో పుట్టకురుపు పెరుగుచుండెను. ఆ దేహముతోనే జట్టును సిద్ధపరచి వెంటబెట్టుకొని పోయెను. మొదటి పందెములోనే దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించెను. తరువాత మనవారు థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను గెలిచిరి. ఇంతలో వెనుక కాపుగా నిలుచు జర్నైల్ సింగునకు తల పగిలి కుట్లు పడెను. పూర్వపు స్థలములో నిలిచిన ఆ తలకు మాటిమాటికి దెబ్బ తగులును. రహీం సాహెబు అతనిని ఇంటికి పంపలేదు, ముందువరుసలోనికి మార్చెను. అతడక్కడ ఆడి, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాముమీద గోలు వేసెను. మనవారు 3-2తో గెలిచిరి.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట నిలిచినది మొదట ఓడించిన ఆ కొరియావారే. స్టేడియము క్రిక్కిరిసి యున్నది. భారతదేశపు అధికారి ఒకరు ఇశ్రాయేలును, తైవానును ఆ క్రీడలకు రానియ్యనందుకు ఆక్షేపించినందున అక్కడి జనులకు మనమీద కోపము. మన ఆటగాండ్ల కాలికి బంతి తగిలినప్పుడెల్ల గేలిచేసి కేకలు వేసిరి. గోలువద్ద నిలిచిన పీటర్ తంగరాజ్, మన హైదరాబాదులో పుట్టినవాడు, జ్వరము పడి లేచి వచ్చెను. అయినను ఆట మొదలైన ఇరువది నిమిషములలోపల పి. కె. బెనర్జీ ఒక గోలు, కుట్లుపడిన తలతో జర్నైల్ సింగు మరియొకటి వేసిరి. కడపట కొరియావారు ఒకటి వేసినను, 2-1తో బంగారు పతకము మనదాయెను. అటుతరువాత అరువది యేండ్లు దాటినను ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారు పతకము మన దేశమునకు మరల రాలేదు. ఆ గెలుపునకు తొమ్మిది నెలల పిమ్మట, 1963 జూన్ 11న, రహీం సాహెబు కన్నుమూసెను.

ఇక్కడ కొంచెము నిలిచి మనలను పరీక్షించుకొందము. మనలో కొందరు మొదటి ఓటమితోనే కూర్చుండిపోయితిమి. కొడుకు చదువు మాని తప్పుదారి పట్టెను. ఇక ప్రార్థన యెందుకని తండ్రి చాలించెను. బోరు ఎండిపోయెను, అప్పు తీరలేదు. దేవుడు మరచెనని ఒక ఇల్లు గుడికి రాక మానెను. ఓడించినవారినే మరల ఎదుర్కొను దినము వచ్చునని ఎవరికి తెలియును? పేతురు ఒక రాత్రి మూడుమారులు ఓడిపోయెను. ప్రభువు అతనిని జట్టులోనుండి తీసివేయలేదు. సముద్రతీరమున మరల పిలిచి గొఱ్ఱెలను అప్పగించెను.

మరికొందరికి దెబ్బ తగిలెను. మునుపు నిలిచిన స్థలములో ఇక నిలువలేరు. కాళ్లు పడిపోయి నులకమంచమునకు అంటిపెట్టుకొనిన అవ్వ, ఇంటింటికి తిరిగి సువార్త చెప్పలేదు. అయితే ప్రభువు ఆమెను ఆటనుండి తప్పించెనా? లేదు, స్థలము మార్చెను. మునుపు ఆమె నడచుచు చెప్పెను, ఇప్పుడు పండుకొని పేరు పేరున ప్రార్థించును. చెడుగుడు ఆడువారికి తెలియును: అవతలి గీత దాటినవాడు కూత విడువకున్నంతవరకు ఆటలోనే యున్నాడు, చుట్టును ఎందరు మూగినను కూత తెగకుండ గీత తాకిన బ్రతికినవాడే. ప్రార్థన మన కూత. ఒళ్లు అలసినను ఊపిరి ఉన్నంతవరకు దానిని తెగనియ్యకుడి.

ప్రియులారా, ఒక్క మాట చెప్పి ముగింతును. ఈ దృష్టాంతములో ఒక కొదువ కలదు. ఆటలో ఒకరు గెలువవలెనన్న ఒకరు ఓడవలెను. బలము లేనివారికి జట్టులో స్థానము లేదు. బంగారమైనను ఒక దినము పెట్టెలో మూలబడును. తెచ్చినవారిలో చాలమంది మన్నైపోయిరి. క్రీస్తునందలి పరుగు అట్టిది కాదు. అందులో నా పొరుగువాడు గెలిచిన నేను ఓడను. కుంటివాడు, ముసలిది, పసిబిడ్డ అందరును పిలువబడిరి. మన ప్రభువు గీత వెలుపల మాత్రము నిలువలేదు. తానే మైదానములోనికి దిగి, గేలిచేయు జనుల మధ్య సిలువ భరించి, మనకంటె ముందుగా పరుగు కడముట్టించెను. కాబట్టి మనము పాటుపడునది కిరీటము కొనుక్కొనుటకు కాదు; ఆయన సంపాదించి యుంచినదానికి తగినట్లు నడుచుకొనుటకు. ఇది మరచిన సాధన గర్వమగును. సాధన మరచిన విశ్వాసము సోమరితనమగును.

వాడిపోవు కిరీటముకొరకు, మరణము లోపల పెట్టుకొని, మన పొరుగువాడొకడు కడవరకు నిలిచెను. వాడిపోని కిరీటము మనకు వాగ్దానము చేయబడినది. ఆయనకంటె తక్కువగా పాటుపడుటకు మనకు ఏ సాకు కలదు?

ప్రార్థన: ప్రభువా, మా బలహీనతను మాకు చూపుము. నీవిచ్చినదానిని ఇతరులకందించు మనస్సు మాకిమ్ము. మా బిడ్డలకొరకు ఎత్తిన చేతులు దిగకుండ ఆనుకొని పట్టుము. ఓడి కూర్చున్నవారిని లేపుము, దెబ్బతిన్నవారికి క్రొత్త స్థలము చూపుము. నీ ముఖము చూచువరకు మమ్మును పరుగులో నిలుపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.